రోజుకు 40 నిమిషాలే దొరికితే ఈతలో వేగం పెంచుకోవడం ఎలా?

నాలుగో_లేన్
అందరికీ నమస్కారం. నాకు ఫ్రీస్టైల్ బాగానే వచ్చు, ఆగకుండా కిలోమీటరు దాకా ఈదగలను. ఇబ్బందంతా వేగంతోనే. ఉద్యోగం, ఇంటి పనుల మధ్య పూల్‌లో దొరికేది రోజుకు 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆ టైమంతా ఒకే వేగంతో అటూ ఇటూ ల్యాప్‌లు ఈదుతుంటాను. చాలా కాలంగా టైమింగ్ కదలడం లేదు. 25 మీటర్ల పూల్‌లో 400 మీటర్లకు 9:40 పడుతోంది. 200 మాత్రమే ఈదితే 4:32. ఆ 400ని 9 నిమిషాల దగ్గరికి తేవాలని ఉంది. రెండేసి గంటలు ప్రాక్టీస్ చేసే వీలు ఇప్పుడు లేదు, ముందు ముందు కూడా ఉండదు. ఉన్న 40 నిమిషాల్లో ఏం మార్చాలో చెప్పగలరా?

స్ప్రింట్_50
ముందు ఆ ఒకే స్పీడ్ ల్యాప్‌లు ఆపేయండి. శరీరానికి రోజూ ఏ స్పీడ్ అలవాటు చేస్తే అదే ఇస్తుంది. 25 మీటర్లు ఫుల్ స్పీడ్, బాగా రెస్ట్, మళ్లీ ఫుల్ స్పీడ్. దూరం అక్కర్లేదు.

ఆస్ట్రేలియా స్విమ్మర్ కామెరాన్ మెకవాయ్‌ని చూడండి. టోక్యో ఒలింపిక్స్ తర్వాత కొంతకాలం ఈత పక్కనపెట్టాడు. తిరిగొచ్చాక కిలోమీటర్లు ఎడాపెడా తగ్గించి, పూర్తి వేగంతో ఈదడం మీద, ఒంట్లో బలం మీద దృష్టి పెట్టాడు. 2023లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ప్రపంచ ఛాంపియన్, 2024 పారిస్‌లో 30 ఏళ్ల వయసులో ఒలింపిక్ స్వర్ణం. టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

దూరం_ఈత
స్ప్రింట్ బ్రదర్, మెకవాయ్ అంటే నాకూ అభిమానమే. కానీ ఆయన 2016లోనే 100 మీటర్లు 47.04 సెకన్లలో ఈదినవాడు. అప్పటికే ఏళ్ల తరబడి ఈదిన కిలోమీటర్లు ఆ ఒంట్లో ఉన్నాయి. పైగా ఆయన రేసు 21 సెకన్లలో అయిపోతుంది. ఇక్కడ అడుగుతున్నది తొమ్మిది నిమిషాల ఈత గురించి. దానికి దమ్ము కావాలి, దమ్ము రావాలంటే దూరం ఈదాలి. 25లు మాత్రమే ఈదితే 400లో 150 దగ్గరే చేతులు పడిపోతాయి.

బారల_లెక్క
నాలుగో లేన్ గారూ, ఒక్కసారి 400 ఈదుతూ ప్రతి 50కి టైమ్ ఎంతవుతోందో ఎవరితోనైనా రాయించండి. మొదటి 25లో ఎన్ని బారలు వేస్తున్నారు, చివరి 25లో ఎన్ని వేస్తున్నారు అన్నదీ చూడండి. అవి లేకుండా మేం ఎంత చెప్పినా ఊహే అవుతుంది.

నాలుగో_లేన్
ఈ రోజు పక్క లేన్‌లో ఈదే ఆవిడ సాయం చేశారు. 50కి ఒకటి చొప్పున టైమింగ్స్ ఇవి: 1:02, 1:08, 1:12, 1:14, 1:16, 1:17, 1:17, 1:14. మొత్తం 9:40. మొదటి 25కి 21 బారలు, చివరి 25కి 27.

పాత_పూల్_కోచ్
ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. ఆ అంకెల్లోనే సగం జవాబు ఉందమ్మా.

మొదటి నాలుగు 50లు కలపండి. 4:36. మీ 200 బెస్ట్ ఎంత? 4:32. అంటే 400 ఈదడానికి దిగి, మొదటి సగం దాదాపు మీ బెస్ట్ 200 వేగంతోనే ఈదేశారు. మిగతా సగానికి 5:04 పట్టింది. 28 సెకన్లు తేడా. మీకు వేగం ఉంది, అది నిలవడం లేదు.

నిలవకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, మొదటి 50లో 1:02కి వెళ్లిపోవడం. 9:40కి సమానంగా పంచితే 50కి 1:12.5 చాలు, మీరు పది సెకన్లు ముందే దూకారు. ఆ అప్పు నాలుగో 50 నుంచి తీర్చుకుంటూ పోతున్నారు. రెండోది, 21 బారలు 27 కావడం. అలసట రాగానే తల లేస్తుంది, తుంటి దిగుతుంది, మోచెయ్యి జారిపోతుంది. చెయ్యి తిరుగుతూనే ఉంటుంది కానీ నీటి మీద పట్టు ఉండదు.

నీటి సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఇదే అసలు మాట. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం సుమారు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుపోవడానికి పెట్టాల్సిన పవర్ సుమారు ఎనిమిదింతలు. మీ లెక్కకే వేద్దాం. 100కి 2:25 నుంచి 2:15కి రావాలంటే వేగం ఏడు శాతం పైచిలుకు పెరగాలి. ఒంటి భంగిమ ఇప్పుడున్నట్టే ఉంచి, కండబలంతోనే అది సాధించాలంటే దాదాపు 24 శాతం ఎక్కువ పవర్ కావాలి. రోజుకు 40 నిమిషాలతో అంత బలం, దమ్ము పెంచుకోవడం చాలా ఆలస్యమయ్యే పని. నీరు అడ్డుకోవడాన్ని తగ్గించుకుంటే ఆ పవర్‌లో చాలా భాగం పెట్టాల్సిన అవసరమే ఉండదు. అది తొందరగా వస్తుంది కూడా.

అందుకని ముందు తల. రేపు ఈదేటప్పుడు గాగుల్స్‌లోంచి ఏం కనిపిస్తోందో చూడండి. ఎదుటి గోడ కనిపిస్తోందంటే తల పైకెత్తి ఉంది, తల లేచినంత మేర కాళ్లు కిందికి దిగుతాయి. పూల్ అడుగున నల్ల గీత కనిపించాలి, కొద్దిగా ముందువైపు. ఊపిరి తీసుకునేటప్పుడు కూడా ఒక గాగుల్ నీళ్లలోనే ఉండాలి, రెండోది మాత్రమే పైకి రావాలి. రెండు కళ్లూ బయటికొచ్చి పైకప్పు కనిపిస్తే మెడ అవసరానికి మించి తిరిగినట్టే, ఒళ్లంతా పక్కకు మెలికపడుతుంది.

తర్వాత చెయ్యి. వేళ్లు ముందు, భుజానికి సూటిగా నీళ్లలోకి వెళ్లాలి. వెళ్లాక చాలామంది అరచేత్తో నీటిని కిందికి నొక్కుతారు. ఒళ్లు పైకి లేచినట్టు బాగుంటుంది గానీ ముందుకు మాత్రం కదలరు. నొక్కకండి. మోచేతిని నీటి పైభాగానికి దగ్గరగా అలాగే ఉంచి, వేళ్లు అడుగువైపు చూసేలా మణికట్టు, ముంజేయి కలిపి వంచండి. పెద్ద పీపా మీదుగా చెయ్యి వేసి దాన్ని వెనక్కి లాగుతున్నట్టు ఉండాలి. అప్పుడు అరచెయ్యి ఒక్కటే కాదు, ముంజేయి మొత్తం నీటిని పట్టుకుంటుంది. అరచేతి చుట్టూ బుడగలు కనిపిస్తుంటే చెయ్యి గాలిని కూడా లోపలికి లాక్కెళ్లినట్టు, నీటి మీద పట్టు తక్కువ. మెల్లగా నీళ్లలోకి పంపండి, బుడగలు పోయాకే లాగండి.

ప్రాక్టీస్ ప్లాన్ సాయంత్రం రాస్తాను. పిల్లల బ్యాచ్ టైమైంది.

కొత్త_గాగుల్స్
సార్, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు 50 మీటర్లకే ఆయాసం వచ్చేస్తుంది. పరిగెత్తితే మాత్రం అరగంట పరిగెత్తగలను. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదడం ప్రాక్టీస్ చేస్తే దమ్ము పెరుగుతుందని ఒకరు చెప్పారు. చేయొచ్చా?

భుజం_బలం
కొత్త గాగుల్స్ గారూ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, వారానికి నాలుగు రోజులు ఈదుతాను కూడా. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. ఒంటరిగా ఎప్పుడూ చేయకండి. అలా బిగబట్టే ముందు గబగబా దీర్ఘశ్వాసలు తీసుకోవడం అసలే వద్దు. ఊపిరి తీసుకోవాలనే తపన మనకు ప్రధానంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. గబగబా శ్వాసలు తీస్తే అది తగ్గిపోతుంది, కానీ ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు. దాంతో ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ అడుగంటి, నీటి అడుగునే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు, లోతు లేని పూల్స్‌లోనే ఇలా చనిపోయారు. మీ ఆయాసానికి ఇది మందు కాదు కూడా.

చాలావరకు మీరు ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయాలని చూస్తున్నారు. ఒక్క క్షణంలో రెండూ కుదరవు. లోపలి గాలి సగమే బయటికి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, ఆయాసం మొదలవుతుంది. ముఖం నీళ్లలోకి వెళ్లగానే ముక్కు, నోటి గుండా సన్నగా బుడగలు వదులుతూనే ఉండండి. తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. పూల్ అంచు పట్టుకుని నిలబడి, ముఖం ముంచి వదలడం, పక్కకు తిప్పి పీల్చడం, ఇదే ఓ పది పన్నెండు సార్లు చేసి అప్పుడు ఈత మొదలుపెట్టండి.

కొత్త_గాగుల్స్
చాలా థాంక్స్ మేడమ్. బిగబట్టే పని పెట్టుకోను.

స్ప్రింట్_50
దూరం అన్నా, మీరన్న 150 దగ్గర చేతులు పడిపోవడం నిజమే అనుకుందాం. అయినా ఆవిడ ఇప్పటికే రోజూ 40 నిమిషాలు ఆగకుండా ఈదుతున్నారు కదా. దూరంతో వచ్చేదే అయితే ఈపాటికి వచ్చి ఉండాలి.

దూరం_ఈత
ఆ మాట కాదనను. అయితే మొత్తం తీసేయొద్దని నా మనవి. వారంలో ఒక రోజు ఆగకుండా ఈదే ఈత ఉండాలి, నెమ్మదిగానైనా సరే. లయ ఒంటికి పట్టేది అప్పుడే.

పాత_పూల్_కోచ్
మీ ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. ఆవిడ దగ్గరున్నవి ఐదు రోజులు, ఇద్దరికీ చోటుంది.

నాలుగో లేన్ గారూ, ముందు ఒక లెక్క. 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి రెండుతో భాగించండి. 9:40 అంటే 580 సెకన్లు, 4:32 అంటే 272. తేడా 308, సగం 154. అంటే 100కి 2:34. దీన్ని సీఎస్ఎస్ అంటారు, క్రిటికల్ స్విమ్ స్పీడ్. ఎక్కువసేపు అలసట ముంచెత్తకుండా పట్టి ఉంచగల వేగానికి ఇది దగ్గరి అంచనా. దమ్ము పెంచే సెట్‌కు మీ వేగం ఇదే. ఇది 400 రేసు వేగం కంటే తక్కువే కదా అని తీసిపారేయకండి. రెస్ట్ తక్కువ ఇచ్చి వరుసగా ఈదితే దీని బరువు తెలుస్తుంది.

రెండు రోజులు దమ్ము సెట్: ఏడు 100లు, ఒక్కోటి 2:34కి, 2:50కి ఒకటి బయల్దేరాలి. అంటే గోడ దగ్గర 16 సెకన్లు మాత్రమే రెస్ట్. మొత్తం 20 నిమిషాల లోపే అయిపోతుంది. మొదటి 100 ఎంతలో ఈదారో చివరిదీ అంతలోనే ఈదాలి. మొదటిది 2:25కి వచ్చిందంటే సంతోషించాల్సిన పని లేదు, ఆ రోజు సెట్ తప్పినట్టే.

ఒక రోజు రేసు వేగం. మీ లక్ష్యం 9:00 అయితే 25కి 34 సెకన్లు. ఇరవై 25లు, ప్రతి 55 సెకన్లకు ఒకటి. స్పోర్ట్స్ సైన్స్ ప్రొఫెసర్ బ్రెంట్ రషల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, చిన్న చిన్న దూరాలను సరిగ్గా రేసు వేగంతోనే, తక్కువ రెస్ట్‌తో ఈదడం. 34 దాటితే తర్వాతి 25 వదిలేసి రెస్ట్ తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి. వరుసగా రెండు తప్పితే ఆ రోజుకు ఆ సెట్ ముగిసినట్టే, కూల్ డౌన్‌కు వెళ్లిపోండి. పంటి బిగువున లాక్కొస్తే నెమ్మదిగా ఈదడమే ప్రాక్టీస్ అవుతుంది.

ఇంకో రోజు గోడ పని, ఫుల్ స్పీడ్ 15 మీటర్లు. స్ప్రింట్ బాబు చెప్పింది ఈ రోజుకే. ఎనిమిది పది సార్లు చాలు, మధ్యలో నిమిషం పైన రెస్ట్. ఐదో రోజు దూరం గారి ఈత, ఆగకుండా, తల, మోచెయ్యి మీదే ధ్యాస పెట్టి.

ఏ రోజైనా మొదటి ఎనిమిది నిమిషాలు వార్మప్, తర్వాత ఐదారు నిమిషాలు డ్రిల్స్, అంటే ఈత పద్ధతిని సరిచేసే చిన్న కసరత్తులు. పిడికిలి బిగించి 25, పిడికిలి విప్పి 25 ఈదండి. పిడికిలితో ఈదేటప్పుడు ముంజేయి పని చేయక తప్పదు. ఇంకో రెండు 25లు ఒక చెయ్యి ముందుకు చాచి ఉంచి, రెండోది వచ్చి తాకేదాకా ఆగే డ్రిల్ చేయండి. అంతకుమించి డ్రిల్స్ అవసరం లేదు. డ్రిల్స్‌తోనే అరగంట గడిపేసి ఈత మరిచిపోయేవాళ్లను చాలామందిని చూశాను.

రాత్రి_షిఫ్ట్
కోచ్ గారూ, నాకు వారానికి మూడు రోజులే, అదీ అరగంటే. ఏది వదిలేయాలి?

పాత_పూల్_కోచ్
15 మీటర్ల రోజు, ఆగకుండా ఈదే రోజు వదిలేయండి. ఒక దమ్ము సెట్, ఒక రేసు వేగం సెట్ తప్పనిసరి. మూడో రోజు ఒంట్లో ఓపికను బట్టి రెండింట్లో ఒకటి. సెట్ 15 నిమిషాలకు కుదించండి గానీ వేగం కుదించకండి. మూడు రోజుల్నీ వరుసగా పెట్టుకోవద్దు, మధ్యలో ఒక్కో రోజు వదిలి ఈదండి. నీటి స్పర్శ ఒంటికి గుర్తుండాలంటే ఒకేరోజు గంటన్నర కంటే మూడు అరగంటలు మేలు.

బారల_లెక్క
నాది చిన్న చేర్పు. బారలు తగ్గించడమే పని అనుకుని కొందరు చెయ్యి చాచి జారుతూ కూర్చుంటారు. దానికి తూకం స్వాల్ఫ్. 25కి పట్టిన సెకన్లకు బారల సంఖ్య కలపండి. 24 బారలు, 34 సెకన్లు అయితే 58. జారుతూ జారుతూ 20 బారలకు తగ్గించి 40 సెకన్లు తీసుకుంటే 60. బారలు తగ్గినా పని చెడింది. చెయ్యి ముందు ఆగిన ప్రతిసారీ నీరు మీ వేగాన్ని లాగేస్తుంది, మళ్లీ పుంజుకోవడానికి బలం ఖర్చు. కానీ స్వాల్ఫ్‌ను పక్కవాళ్ల అంకెతో పోల్చకండి. ఎత్తు, చేతుల పొడవు బట్టి మారుతుంది. 25 మీటర్ల పూల్ అంకెనూ 50 మీటర్ల పూల్ అంకెనూ కలిపి చూడొద్దు.

నాలుగో_లేన్
అందరికీ ధన్యవాదాలు. కోచ్ సార్, రెండు సందేహాలు. గోడ పని అన్నారు, నాకు ఫ్లిప్ టర్న్, అంటే గోడ దగ్గర నీళ్లలోనే పల్టీ కొట్టి తిరగడం, రాదు. గోడ పట్టుకుని తిరిగి తన్నుతాను. ఇంకోటి, చేతులకు తొడుక్కునే పాడిల్స్, తొడల మధ్య పెట్టుకుని తేలే పుల్ బాయ్ కొనుక్కోవాలా?

పాత_పూల్_కోచ్
25 మీటర్ల పూల్‌లో 400 అంటే 15 టర్న్‌లు. ఒక్కోదాంట్లో అర సెకను మిగిలినా ఏడున్నర సెకన్లు. అయినా ఫ్లిప్ టర్న్ ఇప్పుడే నేర్చుకోవాలని లేదు. గోడను వదిలాక మీరేం చేస్తున్నారన్నదే ముఖ్యం. గోడను తన్నిన క్షణంలో ఉన్నంత వేగం ఈదుతుంటే ఎప్పుడూ ఉండదు. ఆ వేగాన్ని ఎంతసేపు నిలుపుకోగలరో అంత లాభం. ఒక చేతి మీద ఇంకో చెయ్యి, బొటనవేలితో కింది చేతిని పట్టి, పై చేతులు చెవులకు ఆనించి, పొట్ట లోపలికి. దీన్ని స్ట్రీమ్‌లైన్ అంటారు. చేతులు విడిపోతే వేగం అక్కడికక్కడే చస్తుంది.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో వెల్లకిలా ఈదే 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ చూసినవాళ్లకు ఇది తెలుసు. అమెరికాకు చెందిన డేవిడ్ బెర్కాఫ్, జపాన్‌కు చెందిన దైచీ సుజుకీ మొదటి ల్యాప్‌లో చాలా దూరం నీటి అడుగునే, రెండు కాళ్లూ కలిపి ఊపే డాల్ఫిన్ కిక్‌తో వెళ్లారు. సుజుకీకి స్వర్ణం, బెర్కాఫ్‌కు రజతం. ఆ తర్వాత అడుగున ఈదే దూరానికి పది మీటర్ల హద్దు పెట్టారు, తర్వాత దాన్ని 15 చేశారు. ఈ రోజు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలో 15 మీటర్ల లోపు తల పైకి రావాలి. పద్ధతి అంత వేగవంతమైంది కాబట్టే రూల్ పెట్టాల్సి వచ్చింది.

మనకు అంత అక్కర్లేదు. గోడకు ఐదు మీటర్ల దూరంలో పైన బ్యాక్‌స్ట్రోక్ జెండాల తాడు ఉంటుంది. ప్రతి పుష్ ఆఫ్‌కూ ఆ జెండాల దాకా స్ట్రీమ్‌లైన్‌లో వెళ్లి అప్పుడు మొదటి బార వేయండి. వార్మప్‌లో కూడా. తిరిగొచ్చేటప్పుడు అడుగున నల్ల గీత గోడకు రెండు మీటర్ల ముందు ఆగి అడ్డగీత అవుతుంది. అది కనిపించాక తల ఎత్తి గోడ వైపు చూడాల్సిన పని లేదు. ఎంతమంది ఆ చివరి రెండు మీటర్లు తలెత్తి, వేగం చంపుకుని గోడ పట్టుకుంటారో!

పాడిల్స్ సంగతి మన ఫిజియో గారు చెబితే బాగుంటుంది.

భుజం_బలం
ఇప్పుడప్పుడే వద్దు. మోచెయ్యి పైన నిలిపే పద్ధతి ఒంటికి అలవాటయ్యాక, అరచేతి కంటే కాస్త పెద్దవి మాత్రమే, ఒక సెట్‌కు మించకుండా. పాడిల్ చేతి వైశాల్యం పెంచుతుంది, ఆ భారమంతా భుజం కీలు చుట్టూ ఉన్న చిన్న కండరాలు మోయాలి. తక్కువ టైమ్‌లో తీవ్రత పెంచేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది భుజం నొప్పితోనే. వాళ్ల ఈత వీడియో చూస్తే రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. బొటనవేలు ముందు దిగేలా చేతిని మెలితిప్పి నీళ్లలో పెట్టడం, చెయ్యి తల ముందు నడిమి గీత దాటి అవతలి వైపుకు వెళ్లడం. ఈ రెండు భంగిమల్లో భుజంలో కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ ఎముకల మధ్య నలుగుతుంది.

ఇంట్లో పది నిమిషాలు దొరికితే రబ్బరు బ్యాండ్‌తో ఇది చేయండి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు వంచి, బ్యాండ్‌ను బయటికి లాగి మెల్లగా వదలండి, చెయ్యికి 15 చొప్పున రెండు సార్లు. తర్వాత బ్యాండ్‌ను తలుపుకు కట్టి, భుజం రెక్కలు దగ్గరికి వచ్చేలా రెండు చేతులతో లాగండి. ఆ తర్వాత ప్లాంక్, అంటే మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం. నడుము నిలవకపోతే నీళ్లలో తుంటి ఒక వైపు, కాళ్లు ఇంకో వైపు ఊగుతుంటాయి.

చీలమండల సంగతి చాలామంది పట్టించుకోరు. పాదం వెనక్కి సాగకుండా బిగుసుకుపోయి ఉంటే కిక్ కొట్టినప్పుడు అది బ్రేక్ వేస్తుంది. పరిగెత్తే అలవాటున్నవాళ్లలో ఇది ఎక్కువ. మోకాళ్ల మీద కూర్చుని పాదాల పైభాగం నేలకు ఆనించి కాసేపు ఉండండి, మోకాలి నొప్పి ఉంటే ఇది వద్దు. ఈదేటప్పుడు భుజంలో సూదిలా పోటు వస్తే ఆ రోజుకు ఆపేయాలి. రాత్రి ఆ పక్కకు పడుకోలేనంత నొప్పి ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి, నెట్‌లో చదివి సర్దుకోకండి.

రాత్రి_షిఫ్ట్
కిక్ గురించి ఒకటి. కిక్‌బోర్డ్ పట్టుకుని రోజూ పది ల్యాప్‌లు కొడితే 400 మెరుగవుతుందా?

పాత_పూల్_కోచ్
అరగంటలో అంత సేపు దానికి ఇవ్వకండి. తొడ కండరాలు పెద్దవి, ఆక్సిజన్ బాగా లాగేస్తాయి, కానీ ఫ్రీస్టైల్‌లో ముందుకు తోసే బలంలో ఎక్కువ భాగం చేతులదే. 400కి కిక్ ముఖ్యంగా కాళ్లను పైన ఉంచడానికి, ఒళ్లు తిరగడానికి ఊతం ఇవ్వడానికి. ప్రతి బారకూ ఒక కిక్ చొప్పున, రెండు చేతులూ ఒకసారి తిరిగేలోగా రెండు కిక్‌ల లయ చాలామందికి సరిపోతుంది, చివరి 50లో ఆరుకు పెంచుకోవచ్చు. 50 మీటర్ల రేసు ఈదేవాళ్ల లెక్క వేరు.

నాలుగో_లేన్
కొన్ని వారాల తర్వాత అప్‌డేట్. 400 మళ్లీ ఈదాను, 9:19. దమ్ము సెట్లు అప్పుడే ఇంత పని చేశాయంటే నమ్మలేను. ఎక్కువ భాగం మొదటి 50 వల్లే. 1:08కి ఆపుకున్నాను. ఆపుకోవడం ఎంత కష్టమైందో చెప్పలేను, పక్క లేన్ వాళ్లు ముందుకెళ్లిపోతుంటే చేతులు ఆగవు. కానీ ఐదో 50 దగ్గర మొదటిసారి నాలో ఇంకా ఏదో మిగిలి ఉందనిపించింది. ఇరవై 25ల సెట్ మాత్రం పన్నెండో దాని దగ్గరే ఆగిపోతోంది.

స్ప్రింట్_50
సూపర్! పన్నెండు దగ్గర ఆగడం మంచి గుర్తే. వారానికి ఒకటో రెండో పెరిగినా చాలు.

దూరం_ఈత
21 సెకన్లు తగ్గాయి, ఏ సందేహం లేదు. అభినందనలు. ఆగకుండా ఈదే రోజు మానలేదు కదా?

నాలుగో_లేన్
మానలేదండీ, ఆదివారం అదే. ఆ రోజు గోడ దగ్గర ఎవరూ తొందరపెట్టరు, ప్రతిసారీ జెండాల దాకా వెళ్లడం అక్కడే అలవాటైంది. మిగతా రోజుల్లో లేన్‌లో ఐదారుగురు ఉంటే 2:50కి బయల్దేరడం కుదరడం లేదు.

పాత_పూల్_కోచ్
జనం ఎక్కువున్న రోజు 100లు వదిలేసి 25లు ఈదండి, వాళ్లు దాటిపోయాక బయల్దేరొచ్చు. గోడ మధ్యలో నిలబడకుండా లేన్ మూలకు జరిగి రెస్ట్ తీసుకోండి. సెట్ క్రమం మారినా నష్టం లేదు, వారం మొత్తంలో అన్నీ పడితే చాలు.

కొత్త_గాగుల్స్
నేనూ చెప్పాలి. బుడగలు వదలడం అలవాటయ్యాక 200 ఆగకుండా ఈదాను. ఆయాసం లేదని కాదు, భయం పోయింది. భుజం బలం మేడమ్‌కు మళ్లీ థాంక్స్.

భుజం_బలం
ఎంత సంతోషమో! ఇప్పుడు రెండు వైపులా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టండి. వేగంగా ఈదేటప్పుడు మీకు సులువైన వైపే తీసుకోండి, వార్మప్‌లో మాత్రం రెండు వైపులా. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒక భుజం మీదే ఎక్కువ భారం పడుతుంది.

నాలుగో_లేన్
మళ్లీ టెస్ట్ పెట్టుకున్నాను. 400కి 9:02, 200కి 4:24. చివరి 25కి 23 బారలు. కోచ్ సార్, ఆ రెండు సెకన్లు నన్ను వదలడం లేదు. ఇప్పుడేం మార్చాలి?

బారల_లెక్క
542 నుంచి 264 తీస్తే 278, సగం 139. సీఎస్ఎస్ 2:34 నుంచి 2:19! ఇంకో విషయం చూడండి. ముందు 200కీ 400కీ మధ్య 100కి తొమ్మిది సెకన్ల తేడా ఉండేది, ఇప్పుడు మూడున్నర. 200లో ఎనిమిది సెకన్లే తగ్గాయి, 400లో 38. కోచ్ గారు మొదట్లో వేగం నిలవడం లేదన్నారు కదా, ఇప్పుడు నిలుస్తోంది.

పాత_పూల్_కోచ్
భేష్ అమ్మా. ఇక నిలబెట్టుకోవడం నుంచి వేగం వైపు మళ్లాలి. 200కీ 400కీ తేడా ఇంత తగ్గిందంటే ఇప్పుడు మీ 200 వేగమే మిమ్మల్ని ఆపుతోంది. దమ్ము సెట్ ఒక రోజుకు తగ్గించండి, 2:19కి ఏడు 100లు, 2:35కి ఒకటి. మిగిలిన రోజు పది 50లు, ఒక్కోటి 1:04 లోపు, 1:45కి ఒకటి. రెస్ట్ ఎక్కువే ఉంది, కాబట్టి ప్రతిదీ శుభ్రంగా ఈదాలి. 15 మీటర్ల రోజున ఫ్లిప్ టర్న్ మొదలుపెట్టండి. మొదట గోడ లేకుండా నీళ్ల మధ్యలో పల్టీ, గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు ముడిచి. అది తిన్నగా వచ్చాక గోడ దగ్గరికి. ముక్కులోంచి గాలి వదులుతూ తిరగండి, లేకపోతే నీళ్లు ఎక్కి ఆ రోజంతా తలనొప్పి.

మళ్లీ టెస్ట్ పెట్టే ముందు రెండు రోజులు తేలిగ్గా ఈదండి, నాలుగైదు 25లు మాత్రం రేసు వేగంతో. ఆ రోజు వార్మప్ పూర్తిగా చేశాకే గడియారం నొక్కించండి. ఈసారి కూడా 50కి ఒకటి చొప్పున టైమింగ్స్ రాయించి ఇక్కడ పెట్టండి, ఆరు, ఏడు 50లు ఎలా వచ్చాయో చూడాలి.